చిన్న గొంతు

మా ఇంట్లో భోజనం ఎప్పుడూ చల్లారాకే తినేవాళ్ళం. వడ్డన ఆలస్యమై కాదు. నేను వేడివేడిగానే వడ్డించేదాన్ని. మా అత్తయ్య, మా ఆయన, నేను బల్ల చుట్టూ కూర్చుని కళ్ళు మూసుకున్నాక మా ఆయన ప్రార్థన మొదలుపెట్టేవారు. ఆ ప్రార్థన మా పళ్ళాల దగ్గర బయలుదేరి, సంఘంలో జబ్బు పడ్డవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, ప్రభుత్వాన్ని పలకరించి, సముద్రాలు దాటి, ఎవరెవరినో దీవించి మళ్ళీ మా పళ్ళాల దగ్గరికి చేరేసరికి కూర మీద నూనె పేరుకుపోయేది. ఆయన సముద్రం మధ్యలో ఉండగా మా అత్తయ్య ఒక కన్ను తెరిచి, "అయిందా?" అని అడిగేది. ఆవిడ చెవులు బాగానే పనిచేస్తాయి. కావాలనే అడిగేది.

"దేవుడు ఇక్కడే ఉన్నాడు కదరా, అంత కేకలెయ్యడం దేనికి?" అని కూడా అనేది. మా ఆయన సముద్రాల నుంచి ఇంకాస్త నెమ్మదిగా తిరిగొచ్చేవారు.

మా ఆయన పాస్టరు. ఊరందరికీ అయ్యగారు. ఆయన గొంతు గురించి ముందు చెప్పాలి. మైకు అక్కర్లేని గొంతు. చర్చి ఎదురుగా బస్సు స్టాపులో నిలబడ్డవాళ్ళు ఆ ప్రార్థన వింటూ బస్సులు వదిలేసుకునేవారని సంఘంలో గొప్పగా చెప్పుకునేవారు. వాళ్ళ బస్సే రాలేదేమో అని నేను అనేదాన్ని. కానీ నిజం చెప్పొద్దూ, ఆయన నిలబడి "తండ్రీ" అని మొదలుపెడితే నాకూ ఒళ్ళు జలదరించేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన గురకకు అలవాటు పడ్డాను గానీ ఆ ఒక్క మాటకు అలవాటు పడలేకపోయాను.

ఆ గొంతు వానాకాలం మొదట్లో పోయింది. ఆదివారం ఆరాధనలో అందరి కోసం ప్రార్థిస్తూ ఉండగా, ఒక పెద్ద వాక్యం శిఖరానికి ఎక్కుతున్న సమయంలో, పాత చీర చిరిగినట్టు చర్రున చిరిగింది. ఆ తరువాత నోరు తెరిచి ఉంది, మాట లేదు. జనం ఆత్మావేశం అనుకుని "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. నాకు మాత్రం ఆయన మెడ దగ్గర నరం కనిపిస్తోంది. లేచి వెళ్ళి మంచినీళ్ళ గ్లాసు అందించాను.

గొంతు డాక్టరమ్మ వయసులో చిన్నది, మాటలో మొహమాటం లేనిది. లోపలికి లైటు వేసి చూసి, "పుండు పడింది. ఇక ఒక్క మాట వద్దు," అంది. "గుసగుస అసలే వద్దు. అది అరుపుకన్నా చేటు."

"ఎన్నాళ్ళమ్మా?" అన్నాను.

"వానలు వెళ్ళేదాకా. మధ్యలో చూపిస్తూ ఉండండి."

"పొరపాటున ఒకసారి మాట్లాడితే?"

"మచ్చ పడిపోతుంది. మచ్చ పడ్డ గొంతుతో ఇంట్లో మంచినీళ్ళు అడగొచ్చు. ప్రసంగాలు మాత్రం ఇక మర్చిపోవాల్సిందే."

మా ఆయన రెండు చేతులతో మెడ పట్టుకున్నారు. చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నారు. నాకు ఆయన మీద ఎన్నడూ లేనంత జాలి కలిగింది.

సాయంత్రం బేకరీ పెద్దాయన వచ్చాడు. సంఘ పెద్దల్లో అందరికన్నా పెద్దాయన ఆయనే. మంచివాడు. ఏ మంచి పని తలపెట్టినా అవసరమైనదానికన్నా నాలుగు అడుగులు ముందుకు వేస్తాడు, అదే ఆయనతో చిక్కు. వేడి రొట్టె బల్ల మీద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అయ్యగారూ, గొంతు పోయిందని చెబితే మన జనం ఆగరు. వానలు వెళ్ళేలోపు తలా ఒక చర్చి చూసుకుంటారు. అదే, అయ్యగారు ఈ వానాకాలమంతా ప్రభువు సన్నిధిలో మౌనంగా గడపాలని నిర్ణయించుకున్నారు అంటే? ఎంత బాగుంటుంది! అబద్ధం ఒక్క ముక్క లేదు. మౌనంగానే ఉంటారు. ప్రభువు సన్నిధిలోనే ఉంటారు."

"మరి డాక్టరు దగ్గరికి వెళ్ళిన సంగతో?" అన్నాను.

"అది ఇంటి సంగతి అమ్మగారూ."

మా ఆయన నా వైపు చూశారు. తరువాత కిటికీ వైపు చూశారు. తరువాత తల ఊపారు. ఆ వానాకాలంలో జరిగిందంతా ఆ ఒక్క ఊపులోంచే వచ్చింది.

ఆయనకు ఒక స్టీలు గ్లాసు, చెంచా ఇచ్చాను. ఒకసారి కొడితే మంచినీళ్ళు. రెండుసార్లు కొడితే నేను రావాలి. ఆగకుండా కొడితే కోపం వచ్చిందని అర్థం. ఇంట్లో మిగతా శబ్దమంతా వానదే.

ఆ మొదటి రోజుల్లో ఒక వింత గమనించాను. ఆయన ఎప్పటిలాగే తెల్లవారగానే తన ప్రార్థన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు. మామూలుగా అయితే వంట పూర్తయ్యేదాకా లోపలి నుంచి ఆ గొంతు వినిపిస్తూనే ఉండేది. ఇప్పుడు నేను పొయ్యి వెలిగించేలోపే బయటికి వచ్చేస్తున్నారు.

"ఏమైందండీ?" అన్నాను ఒకరోజు.

రెండు అరచేతులూ తెరిచి చూపించారు. ఖాళీగా ఉన్నాయి. టీ కావాలేమోనని గ్లాసు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తాగకుండా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. దారి తప్పిన మనిషి ఎవరినైనా అడుగుదామా వద్దా అని నిలబడ్డట్టు నిలబడ్డారు.

ఈలోగా బేకరీ ఆయన మాట ఊరంతా పాకింది. ఆదివారం ఆయనే వాక్యం చదువుతుంటే మా ఆయన ముందు కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చునేవారు. జనం వాక్యం వినేవారు కాదు, మా ఆయన్ను చూసేవారు. మాట్లాడే అయ్యగారికి నిండని బెంచీలు మాట్లాడని అయ్యగారికి నిండాయి. పక్క పేటల నుంచి కూడా వచ్చారు. వారంలో మిగతా రోజుల్లో మా వరండా నిండా తడిసిన గొడుగులు, కుర్చీల కింద నీటి మడుగులు. ఒక్కొక్కరే వచ్చి తల వంచితే మా ఆయన చెయ్యి పెట్టేవారు. వాళ్ళు ఏడుస్తూ వెళ్ళేవారు.

నాకూ మర్యాద పెరిగింది. కూరగాయల కొట్టులో వరసలో ఉన్న నన్ను ముందుకు పిలిచేవారు. నేను వెళ్ళేదాన్ని.

మా అత్తయ్య మాత్రం వరండాను చూసి, "నోరు మూసుకుంటే ఇంత గౌరవమని తెలిస్తే నేను పెళ్ళినాడే మూసుకునేదాన్ని," అంది.

రోజులు గడిచేకొద్దీ ఆయన ముఖం కూడా మారసాగింది. కళ్ళు నెమ్మదిగా మూయడం, ఇంకా నెమ్మదిగా తెరవడం. ఒక ఉదయం గడ్డం గీసుకునే అద్దం ముందు అదే పని చేస్తూ దొరికిపోయారు.

"ఏమండీ, కంట్లో నలక పడిందా?" అన్నాను.

చెంచా ఆగకుండా మోగింది.

వాన ముదిరాక ప్రార్థన గది పైకప్పు కారడం మొదలైంది. ఆయన కుర్చీ తెచ్చి వంటగదిలో, కిటికీ పక్కన మూలకు వేశాను. ఆయన వచ్చి కూర్చున్నారు. నేను గిన్నెలు తోముతూ కాసేపటికి ఆయన ఉన్న సంగతే మర్చిపోయాను. మాట్లాడని మనిషి ఉన్నా లేనట్టే కదా.

"చూస్తున్నావా?" అన్నాను. "ఈ మోకాలి సంగతి నీకు నిన్ననే చెప్పాను. విన్నావు, నాకు తెలుసు. నీకు తీరిక లేదు. సరే, ఆ బట్టలు కుట్టే మిషనక్క మొగుడి సంగతి ముందు చూడు, పాపం, దగ్గి దగ్గి సగమైపోయాడు. నా మోకాలు ఆగుతుంది. పైకప్పు ఆగదు, ముందే చెబుతున్నా. ఇక మా ఆయనగారి సంగతంటావా, నీకు తెలియనిది ఏముంది, అద్దం ముందు చూశావుగా. నవ్వే ఉంటావు. నవ్వితే నవ్వావు గానీ ఆయన్ను వదిలెయ్యకు. లోపల ఎక్కడో బెంగపడిపోయి ఉన్నాడు మనిషి. నాతో చెప్పుకోలేడు. నువ్వైనా కాస్త పలకరించు."

గ్లాసు కడగబోతే చెంచా గుర్తొచ్చింది. చెంచా గుర్తొస్తే ఆయన గుర్తొచ్చారు. వెనక్కి తిరిగాను. ఆయన నా వైపే చూస్తున్నారు. కోపంగా లేరు. నన్ను పెళ్ళిచూపుల్లో కూడా అంత పరీక్షగా చూడలేదు.

లేచి నా పక్కకు వచ్చారు. వేణ్ణీళ్ళ ఆవిరికి కిటికీ అద్దం మసకబారి ఉంది. దాని మీద వేలితో రాశారు. ఎవరితో?

"ఎవరితో ఏంటండీ? ఆయనతో."

సబ్బు చెయ్యి పైకి చూపించాను. అది సరిగ్గా లేదనిపించి దించేశాను. పైన ఎక్కడో ఉన్నవాడితో నేను ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

రోజూనా? అని రాశారు.

"కాపురానికి వచ్చినప్పటి నుంచీ. మీకు తెలీదా?"

ఆయన వేలు అద్దం మీద ఆగిపోయింది. చాలాసేపటికి, గొణుగుడు అనుకున్నాను, అని రాశారు.

"గొణుగుడే. ప్రార్థన చేసేది మీరు కదా. నాకు ప్రార్థన ఎక్కడ వస్తుంది? మీలాగా ఆ మాటలు, ఆ వరస, నావల్ల ఎక్కడవుతుంది?"

ఆయన అక్షరాలు కరిగి నీళ్ళ చారలై కిందికి జారేదాకా అద్దం వైపు చూస్తూ నిలబడ్డారు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారని నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. శబ్దం లేని ఏడుపు నేను అంతకుముందు చూడలేదు. ఏం చెయ్యాలో తోచక గిన్నెలు తోమడం పూర్తి చేశాను.

మర్నాడు పైకప్పు బాగు చేయించాను. ప్రార్థన గది ఆరింది. అయినా ఆయన వంటగదికే వచ్చారు. కత్తిపీట దగ్గరికి లాక్కుని చిక్కుళ్ళు తరగడం మొదలుపెట్టారు. ఆయన ఉన్నారని నాకు సిగ్గేసి నోరు మెదపలేదు. గ్లాసు మీద చెంచా మోగింది. మాట్లాడు, అన్నట్టు చెయ్యి ఊపారు.

"మీ ముందా? పొండి."

మళ్ళీ మోగింది. ఈసారి మెల్లగా, బతిమాలుతున్నట్టుగా. నేను గోడ వైపు తిరిగి, "ప్రభూ, ఈయన ఇక్కడే ఉన్నాడు, నాకు నవ్వొస్తోంది," అని మొదలుపెట్టాను. కాసేపటికి తిరిగి చూస్తే ఆయన చేతులు చిక్కుళ్ళ మీదే ఆగి ఉన్నాయి. కళ్ళు మూసుకుని ఉన్నారు. అద్దం ముందు నేర్చుకున్నట్టు మూసుకోవడం కాదది.

వరండాలో జనం మాత్రం తగ్గలేదు. వాళ్ళ తలల మీద ఆయన చెయ్యి ఇప్పుడు సంకోచంగా దిగుతోంది. అయినా దిగుతూనే ఉంది. ఊపిన తలను వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆయనకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఒక మధ్యాహ్నం మిషనక్క వచ్చింది. వీధి చివర బట్టలు కుట్టే మనిషి. ఆమె భర్త గిడ్డంగి వాచ్‌మన్. ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. తల వంచి దీవెన తీసుకుని, మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వచ్చింది. మా ఆయన ఆమె వెనకే గుమ్మం దాకా వచ్చారు.

"ఎలా ఉంది అక్కా?" అన్నాను.

"ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు అమ్మగారూ. ఇక మందులు లేవట." గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "నాకు బెంగ లేదులెండి. నేను ప్రార్థన చెయ్యడం కూడా మానేశాను."

"అదేంటక్కా?"

"నా మాటలు ఎందుకండీ దేవుడికి, ఇక్కడ అయ్యగారి మౌనం ఉండగా? నా మాటలు పోయి దానికి అడ్డం పడతాయేమోనని భయం. మా ఇంటాయన మాత్రం అయ్యగారిని ఒక్కసారి తీసుకురమ్మని ఒకటే గోల."

గుమ్మంలో మా ఆయన ముఖం తెల్లబోయింది. చెప్పులేసుకుని అప్పుడే బయలుదేరారు. వరండాలో ఉన్న బేకరీ పెద్దాయన పరుగున వచ్చి గొడుగు పట్టాడు. వెనక మిషనక్క, నేను.

ఒకటే గది. కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన బడి చొక్కాలు, సుద్ద గీతలతో. గోడకు మేకులు. ఒకదానికి కొలతల టేపు, ఇంకోదానికి వాచ్‌మన్ టోపీ, ఈల, టార్చిలైటు. మంచం పక్కన ఖాళీ స్టూలు. కారుతున్న చోట బకెట్టు. ఒకప్పుడు గేటంత ఉన్న మనిషి దుప్పటి కింద ఎక్కడున్నాడో వెతుక్కోవలసి వచ్చింది.

"వందనాలు అయ్యగారూ," అన్నాడు. ఒక్కో మాటకు ఊపిరి పోగు చేసుకుంటున్నాడు. "మీ మౌనం చెడగొట్టాలని కాదు. నా సంగతి నాకు తెలిసిపోయింది. దీనికి చెప్పలేదు. దీనికీ తెలుసు, నాకు చెప్పడంలేదు."

మిషనక్క మిషను చక్రం పట్టుకుని నిలబడింది.

"బతుకంతా చీకట్లో కాపలా కాసినవాణ్ణి. దేనికీ భయపడలేదు. ఈ చీకటంటే మాత్రం భయమేస్తోంది అయ్యగారూ. దేవుడితో మాట్లాడదామంటే ఎలాగో తెలీదు. మీ ప్రార్థనలు విన్నాను, బస్సు స్టాపులో నిలబడి. అంత పెద్ద మాటలు నాకు రావు. చిన్నవి ఏమైనా ఉంటే చెప్పండి. రెండు మాటలు చాలు."

మా ఆయన అలవాటుగా అతని తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. అతను ఆ చేతిని మెల్లగా తీసి తన చేతిలో పెట్టుకున్నాడు.

"చెయ్యి కాదు అయ్యగారూ."

బకెట్టులో చుక్కలు పడుతున్నాయి. మా ఆయన గొంతు దగ్గర నరం కదలడం చూశాను. ఆయన ఏం చెయ్యబోతున్నారో నాకు తెలిసిపోయింది.

"వద్దండీ," అన్నాను. ఎంత అందమైన గొంతు! ఒళ్ళు జలదరించే ఆ ఒక్క మాట నాకు మళ్ళీ కావాలి. ఇంకొంచెం ఆగితే వానలు వెళ్ళిపోతాయి. "డాక్టరమ్మ ఏం చెప్పిందో మర్చిపోయారా?"

ఆయన నన్ను చూశారు. బేకరీ పెద్దాయన్ను చూశారు. తరువాత తుప్పు పట్టిన గడియ తీసినట్టు ఒక చప్పుడు వచ్చింది.

"ఇది మౌనం కాదు."

అదేం గొంతో నాకు తెలియలేదు. దాన్ని నేను పెళ్ళాడలేదు.

"నాకు గొంతులో పుండు. డాక్టరు మాట్లాడొద్దంది. ఇంకేం లేదు. మౌనమని అంటే తల ఊపాను. మీరు నమ్మారు. నాకు బాగుందనిపించింది." మిషనక్క వైపు తిరిగారు. "అమ్మా, నీ మాటలు దేనికీ అడ్డం కాదు. నా దగ్గర ఏమీ లేదు."

బేకరీ పెద్దాయన తల దించుకున్నాడు. ఆయన చేతిలో గొడుగు నేల మీద నీళ్ళు కారుస్తూ ఉంది.

"పెద్ద మాటలు..." మా ఆయన ఆగి, గుటక వేసి, మళ్ళీ మొదలుపెట్టారు. వాచ్‌మన్ వినడానికి తల ఎత్తవలసి వచ్చింది. "పెద్ద మాటలన్నీ వినేవాళ్ళ కోసం. ఒక్కణ్ణే కూర్చుంటే నాకు ఒక్క ముక్క రాలేదు. చిన్నవి నాకూ రావు, తమ్ముడూ. ఈమధ్యే వంటగదిలో నేర్చుకుంటున్నాను."

"మరెలా అయ్యగారూ?"

"భయమేస్తోందని ఇప్పుడు నాతో చెప్పావే. అలాగే చెప్పు."

వాచ్‌మన్ పైకప్పు వైపు చూశాడు. అక్కడ కాదనుకున్నాడేమో, మంచం పక్కన ఉన్న ఖాళీ స్టూలు వైపు తిరిగాడు.

"ప్రభూ," అన్నాడు. "భయమేస్తోంది."

మా ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. "తండ్రీ," అన్నారు. ఆ మాటే. బస్సు స్టాపు దాకా వెళ్ళే ఆ మాట ఇప్పుడు మంచం అవతలికి కూడా సరిగా చేరలేదు. "నాకూ భయమేస్తోంది."

ఆ తరువాత ఏమీ జరగలేదు. వాన పడుతూనే ఉంది. బకెట్టు నిండుతూనే ఉంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. కానీ ఆ గదిలో ఉన్నది మేము ఐదుగురమే కాదు. ఎలా తెలిసిందని అడిగితే నేను చెప్పలేను. పక్కకు తిరిగి చూడాలంటే భయమేసింది. అక్కడి నుంచి వెళ్ళమంటే అంతకన్నా పెద్ద ఏడుపు వచ్చేది. ఇన్నేళ్ళూ గిన్నెల దగ్గర నిలబడి ఎవరితో వాదులాడానో, నీకు తీరిక లేదని ఎవరిని దెప్పానో, ఎవరు అవన్నీ ఓపిగ్గా విన్నారో ఒక్కసారి నాకు తెలిసింది. చేతులు చీర కొంగులో దాచుకున్నాను. ఇంత దగ్గరగా ఉన్నవాడు ఇంతటివాడని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, ప్రతి ఆదివారం. నేను వినలేదు.

బేకరీ పెద్దాయన గుమ్మం దగ్గరికి వెళ్ళి బూట్లు విప్పి వచ్చాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"నేనూ చెప్పనా?" అంది మిషనక్క, చిన్నపిల్లలా.

"చెప్పవే," అన్నాడు వాచ్‌మన్.

"నువ్వు తీసుకెళ్ళిపోతే నాకు కోపమొస్తుంది," అంది స్టూలు వైపు చూసి. అని, మిషను మీద తల పెట్టుకుంది.

డాక్టరమ్మ లైటు వేసి చూడగానే కనిపెట్టేసింది. "మాట్లాడారు కదూ? అంత అవసరం ఏమొచ్చింది?" అని కేకలేసింది. మా ఆయన జవాబు చెప్పబోతే నేనే నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. మచ్చ పడింది. ఇక అది పోదు.

ఆదివారం ఆయన మైకు పెదాలకు ఆనించుకుని, వాచ్‌మన్ గదిలో చెప్పినదే సంఘానికీ చెప్పారు. వెనక బెంచీలవాళ్ళకు వినపడక ముందుకు వచ్చి నిలబడ్డారు. చెప్పడం అయ్యాక బేకరీ పెద్దాయన లేచి, "తల ఊపింది ఆయన. మాట అల్లింది నేను," అని కూర్చున్నాడు. కొందరు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. కొందరు మా ముఖం చూడటం మానేశారు. కూరగాయల కొట్టులో నేను మళ్ళీ వరసలో నిలబడ్డాను. అలా నిలబడటం హాయిగా ఉంటుందని అప్పుడే తెలిసింది. సంఘానికి ప్రసంగాలు చెప్పడానికి ఒక కుర్ర పాస్టరు వచ్చాడు. సంఘంవాళ్ళు మా ఆయన్ను వెళ్ళిపొమ్మనలేదు. ఆయన జబ్బు పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్టూలు మీద కూర్చునేవారు. అదే ఆయన పని అయింది.

వాచ్‌మన్ ఎవరూ అనుకోనన్ని రోజులు బతికాడు. మిషనక్క మా ఇంటికి వచ్చి ఫిర్యాదు చేసేది.

"మందేసుకోమంటే, ఆగవే మాట్లాడుతున్నా అంటాడు అమ్మగారూ. గిడ్డంగిలో దొంగలు పడ్డ సంగతి, ఈల పోగొట్టుకున్న సంగతి, అన్నీ చెబుతున్నాడు. ప్రభువుకి విసుగు రాదా?"

"రాదక్కా," అన్నాను. "నాకు తెలుసు."

వానలు వెనకపట్టాక ఒక తెల్లవారి కబురు వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆమె మంచం మీద కూర్చుని అతని టోపీ దుమ్ము దులుపుతోంది. ఏడుస్తూ, మధ్యలో ఆశ్చర్యపోతూ చెప్పింది.

"మాట్లాడుతూ మాట్లాడుతూ, అవతలివాళ్ళు ఏదో అంటే వినడానికి ఆగినట్టు ఆగాడమ్మగారూ. అంతే, ఇక ఆగిపోయాడు."

సమాధి కార్యక్రమం అయ్యాక ఇంటికి వచ్చి వంట చేశాను. వాన తెరిపి ఇచ్చి, బల్ల మీద చాలా రోజుల తరువాత ఎండ పడింది. వేడివేడిగా వడ్డించాను. గొంతు పోయినప్పటి నుంచీ మేము భోజనం దగ్గర ఎవరికి వాళ్ళమే మనసులో ప్రార్థించుకుని తినేవాళ్ళం. ఆ రోజు మా ఆయన పళ్ళెం ముందు చేతులు పెట్టుకుని, మా ఇద్దరి వైపూ చూశారు. మేము కళ్ళు మూసుకున్నాం.

"తండ్రీ," అన్నారు, నన్ను మంచినీళ్ళు అడిగే గొంతుతో. "ఇక్కడే ఉన్నావు కదా."

నేను ఎదురుచూశాను. ఇంకేమీ రాలేదు. ప్రార్థన అంతే. సముద్రాలు లేవు, ప్రభుత్వం లేదు. అయిపోయిందని తెలిసి కూడా నాకు కళ్ళు తెరవాలనిపించలేదు. ఒళ్ళంతా జలదరిస్తోంది. బల్లకు అవతలి వైపు ఎప్పుడూ ఖాళీగా ఉండే నాలుగో కుర్చీ ఉంది. అటు చూసే ధైర్యం నాకు లేదు. కాసేపటికి ఒక్క కన్ను తెరిచి అత్తయ్య వైపు మాత్రం చూశాను. ఆవిడ చేతులు జోడించుకుని ఉంది. ముడతల వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. అయిందా అని అడగలేదు.

ఎవరమూ చెయ్యి కదపలేదు. పళ్ళాల మీద ఆవిరి సన్నబడి సన్నబడి ఆగిపోయింది. ఆ రోజు కూడా మేము చల్లారాకే తిన్నాం.